ఫిసల్ బండ దూర్బీన్

హైదరాబాదు నవాబుల షౌఖుల గురించి మనిళ్లలో కిస్సాలకు కొదవ లేదు. ముత్యాలు, గుర్రాలు, షికార్లు, ముషాయిరాలు. నవాబ్ జఫర్ జంగ్ షౌఖ్ వేరు. ఆయనకు సితారాల పిచ్చి. 1901లో విలాయత్ నుంచి 15 అంగుళాల అద్దమున్న దూర్బీన్ తెప్పించి, ఫిసల్ బండలో తన దేవ్‌డీ ఆవరణలో పెట్టుకున్నారు. దానికి 'నిజామియా రసద్‌గాహ్' అని పేరు పెట్టడానికి అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇజాజత్ అడిగి తీసుకున్నారు. రసద్‌గాహ్ అంటే నక్షత్రశాల. సాదాగా చెప్పాలంటే ఇంటి ఆంగన్‌లో చుక్కలు చూసుకునే ఒక షౌఖీన్ ఆద్మీ కథ ఇది.

షౌఖ్ ఉన్న రయీసులు చాలామందే. వాళ్లు పోయాక ఆ సామాను వారసుల పంపకాల్లోనో హర్రాజులోనో చెదిరిపోతుంది. జఫర్ జంగ్ 1907లో ఇంతిఖాల్ అయ్యారు. ఆయన ఖ్వాయిష్ మేరకు 1908లో రసద్‌గాహ్‌ని నిజాం సర్కారు తన చేతిలోకి తీసుకుంది. ఒక్క ఇంటి వస్తువు అవామ్ సొత్తయింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఖీమతీగా అనిపించే సంగతి ఇదే.

దీని గురించి వెతికేలా చేసింది మా ఆపా కొడుకు. పోయిన చలికాలం వాడికి మూడంగుళాల చిన్న దూర్బీన్ కొనిచ్చాం. ఇంటి వెనక ఆంగన్‌లో బత్తీలన్నీ ఆర్పి, ఖాందానంతా చద్దర్లు కప్పుకుని కూర్చున్నాం. చాంద్ మీది గుంటలు చూసి పిల్లలు అరిచారు. తర్వాత సురయ్యా వైపు తిప్పాం. తెలుగులో కృత్తికలంటాం. మామూలు కంటికి ఆరేడు చుక్కలు. దూర్బీన్‌లో డజన్ల కొద్దీ. దాని వెనకే ఎర్రగా అల్‌దబరాన్. అరబ్బీలో 'వెంట వచ్చేవాడు' అని అర్థం, సురయ్యా వెంట వస్తుంది కాబట్టి. పక్కనే వేటగాడి కాలు దగ్గర రైజెల్. 'రిజ్ల్' అంటే కాలే. భుజం దగ్గరి బీటల్‌జూస్ అసలు 'యద్ అల్ జౌజా', అంటే జౌజా చెయ్యి. యూరప్‌లో రాసుకున్నవాళ్లు 'యే' కింది రెండు నుక్తాలను ఒక్కటిగా చదివి 'బే' చేసేశారు. దక్షిణాన కిందుగా సుహైల్ మెరుస్తోంది.

అప్పుడు వాడు అడిగాడు, "మామూ, ఇవన్నీ మన పేర్లేనా? మరి స్కూల్లో ఎవ్వరూ చెప్పరే?"

నిజమే. సురయ్యా, పర్వీన్, సుహైల్, జొహ్రా, ముష్తరీ, తారిఖ్... ఈ పేర్లున్న ఆపాలు, ఖాలాలు, భాయీలు లేని ఖాందాన్ మనలో ఉందా? అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ 964 ప్రాంతంలో సితారాల మీద రాసిన కితాబ్‌లో ఆండ్రోమెడాని చిన్న మబ్బుగా నమోదు చేశారు. అది లక్షల కోట్ల నక్షత్రాలున్న గెలాక్సీ అని తెలియడానికి ఇంకా దాదాపు వెయ్యేళ్లు పట్టింది. బగ్దాదు, ఇస్ఫహాన్ దాకా వెళ్లనక్కర లేదు. మన బేగంపేట చాలు.

సర్కారు చేతికొచ్చాక రసద్‌గాహ్ బేగంపేటకు మారింది. మొదటి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్. ఆ రోజుల్లో ప్రపంచంలోని రసద్‌గాహ్‌లు ఆస్మాన్‌ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి, ఒక్కో సితారా జాగా కొలిచి రాస్తున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకొచ్చింది. 8 అంగుళాల కెమెరా దూర్బీన్‌తో రాత్రిళ్లు గాజు పలకల మీద ఫొటోలు, పగళ్లు వాటి మీది చుక్కల కొలతలు. ఏళ్ల తరబడి ఇదే మెహనత్. చివరికి ఏడున్నర లక్షలకు పైగా సితారాల లెక్క తేలింది. కంప్యూటర్ లేని కాలంలో!

1919లో రసద్‌గాహ్ ఉస్మానియా యూనివర్సిటీ చేతికొచ్చింది. పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్, ఆ తర్వాత అక్బర్ అలీ దాన్ని నడిపారు. అక్బర్ అలీ పట్టుపట్టి తెప్పించిన 48 అంగుళాల దూర్బీన్‌ని, ఆయన పోయిన కొన్నేళ్లకు, 1968లో జపాల్-రంగాపూర్ దగ్గర నిలబెట్టారు. అప్పటికి హిందుస్తాన్‌లో అదే అతిపెద్దది. బేగంపేటలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు అక్కడే దూర్బీన్‌ల మధ్య పెరిగి, నిజాం కాలేజీలో చదివి, వేణు బాపు అయ్యాడు. 1949లో కనిపెట్టిన తోకచుక్కకు ఆయన పేరుంది. కావలూరులోని పెద్ద దూర్బీన్‌కీ ఆయన పేరే. ఒక ముసల్మాన్ నవాబు మొదలుపెట్టిన చోట అంగ్రేజు, తమిళుడు, మలయాళీ, తెలుగువాడు అందరూ ఇల్మ్ సంపాదించారు. మన గంగాజమునీ తెహజీబ్ ముషాయిరాల్లోనే కాదు, సైన్సులోనూ ఉంది.

బేగంపేట పాత కట్టడాలు మాత్రం దశాబ్దాలుగా పట్టించుకునే దిక్కు లేక శిథిలమయ్యాయి. రోజూ ఆ రోడ్డున పోయే వేలమందికి అదేమిటో తెలియదు. నవాబులంటే బిర్యానీ, ముత్యాలు అనే మన పిల్లలూ నేర్చుకుంటున్నారు.

అందుకే ఒక్క మాట. మొహల్లాలో నలుగురు చందా వేసుకుంటే ఒక చిన్న దూర్బీన్ వస్తుంది. ఎవరింట్లోనో బీరువాలో దాచకండి. లైబ్రరీలోనో స్కూల్లోనో పెట్టండి. గల్లీలో పిల్లలందర్నీ, మనవాళ్లనీ పక్కింటివాళ్లనీ, వంతులవారీగా చూడనివ్వండి. జఫర్ జంగ్ చేసింది ఇంతకంటే పెద్ద పనేం కాదు. తనదాన్ని అందరిదీ చేశారు, అంతే.