ఎండ లేని గోధుమరంగు

పాశ్చాత్య దేశములలో పెండ్లికి ముందు చర్మమునకు గోధుమరంగు పట్టించుకొను వధువులు కలరు. ఎండతో పనిలేని ఈ రంగు వైద్యశాలలో బయటపడినది.

1950 దశకమున అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞురాలు, గ్లైకోజెన్ నిల్వలో లోపముగల పిల్లలకు డైహైడ్రాక్సీ ఎసిటోన్ అను సరళమైన చక్కెరను త్రాగించుచుండెను. వారు ఉమిసిన ద్రవము పడినచోట చర్మము గోధుమరంగు దాల్చెను. బట్టలకు మరక అంటలేదు. ఆమె ఆ ద్రావణమును తన చర్మముపైననే పూసి పరీక్షించెను. 1960 నాటికి ఈ లేపనము అంగళ్ళకు వచ్చెను.

చక్కెరలు అమైనో ఆమ్లములతో కలిసి గోధుమరంగు పదార్థములగు చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వర్ణించెను. దోసె ఎర్రగా కాలుటకు అదియే కారణము. చర్మముపై రంగు పుట్టుటయు ఆ కోవలోనిదే. అయితే అది పైపొరలోని మృతకణములకే పరిమితము. రంగు 2 నుండి 4 గంటలలో కనిపించి, ఒకటి రెండు దినములు ముదురును. కణములు రాలుటచే సుమారు వారములో వెలసిపోవును. కనుక మోచేతులు, మోకాళ్ళవద్ద పేరుకొన్న మృతచర్మమును ముందుగా రుద్ది తొలగించి, పెండ్లికి రెండు దినముల ముందు పూయుట యుక్తము.

ఈ రంగు మెలనిన్ కాదు, ఎండనుండి కాపాడజాలదు. దానిని నమ్మి ఎండలో తిరిగిన వధువు పెండ్లినాటికి కందిపోవును.