మాంసము, ద్రాక్షారసము, సహోదరుని మనస్సాక్షి: సంఘ చరిత్రలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

కొన్నేండ్ల క్రితం ఒక ఆదివారము, ప్రభురాత్రి భోజన సంస్కారము ముగిసిన తరువాత, ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. తరతరాలుగా మాంసము ముట్టని ఇంటినుండి ప్రభువును నమ్ముకొని వచ్చినామె. విదేశములో ఉన్న కుమారుడు వైను తయారీలో చేప పదార్థము వాడతారని చెప్పాడట. “అయ్యగారూ, మన బల్లలో ఇచ్చే రసంలో అటువంటివేమీ కలవవు గదా?” అని అడిగింది. “ద్రాక్షపండ్ల రసమేనమ్మా, అందులో చేప ఎందుకుంటుంది?” అని వెంటనే చెప్పేశాను. ఆమె నా మాట నమ్మింది. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పానని తరువాత చదువుకున్నప్పుడు గ్రహించాను.

శాకాహారికి మద్య పానీయములు తగునా అనే ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నవి. పానీయము తయారీలో జంతు సంబంధమైనదేదైనా వాడారా అనేది మొదటిది. మత్తు కలిగించేది విశ్వాసికి తగునా అనేది రెండవది. సంఘము తన చరిత్రలో మాంసమును, ద్రాక్షారసమును కొన్నిసార్లు ఒకే కట్టగా కట్టింది, కొన్నిసార్లు విడదీసింది. ఎందుకు అలా చేసిందో తెలుసుకుంటే ఆ తల్లికి సరియైన జవాబు దొరుకుతుంది.

1. పీపాలో జరిగే పని

ద్రాక్షరసము పులియుటకు కారణము ఈస్టు. అది శిలీంధ్ర జాతికి చెందినది, జంతువు కాదు. అంతవరకు శాకాహారికి అభ్యంతరము లేదు. అయితే పులిసిన రసము మడ్డిగా ఉంటుంది. దానిని తేటపరచడానికి మాంసకృత్తులు గల పదార్థమును కలుపుతారు. అది మడ్డిని పట్టుకొని అడుగునకు దిగుతుంది. పైన తేరిన రసమును వేరుచేస్తారు. కలిపినది చాలావరకు అడుగుననే మిగిలిపోతుంది గాని, వాడిన మాట నిజము.

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతములో ఎర్ర ద్రాక్షారసమునకు కోడిగ్రుడ్డు తెల్లసొన వాడుట పాత పద్ధతి. పాలలోని కేసీను, ఎముకలనుండి చర్మమునుండి తీసే జెలటిన్ కూడ వాడుకలో ఉన్నవి. బీరు తేటపరచడానికి ఇంగ్లండు, ఐర్లండు దేశాలలో ఐసింగ్లాస్ వాడేవారు. ఇది చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి తయారుచేసేది. రష్యానుండి వచ్చే స్టర్జన్ చేప తిత్తులు ఖరీదైనవి గనుక, వాటికి బదులుగా కాడ్ చేప తిత్తులను వాడే మార్గమును 18వ శతాబ్దపు చివర విలియం మర్డాక్ కనుగొన్నాడు. ఈ వ్యాపారము మన దేశమును కూడ తాకింది. భారతదేశ తీరములలో ఐసింగ్లాస్ ఉత్పత్తి గురించి జాన్ ఫోర్బ్స్ రాయిల్ 1842లో ఒక గ్రంథమే ప్రచురించాడు.

ఎండిన పశురక్తపు పొడి కూడ ఒకప్పుడు వాడేవారు. పిచ్చి ఆవు వ్యాధి భయము తరువాత, 1990ల చివర, యూరోపియన్ యూనియన్ దానిని మాన్పించింది. రక్తమును విసర్జించమని అన్యజన విశ్వాసులకు యెరూషలేము సభ వ్రాసిన సంగతి (అపొ. 15:29) ఎరిగిన మనకు ఇది కేవలము శాకాహారుల సమస్యగా కనబడకూడదు.

నేడు బెంటోనైట్ అనే బంకమట్టితో తేటపరచిన ద్రాక్షారసము కూడ దొరుకుతుంది. ఐసింగ్లాస్ మానివేస్తున్నామని గిన్నిస్ సంస్థ 2015లో ప్రకటించింది. 2012 పంటనుండి యూరోపులో గ్రుడ్డు, పాల పదార్థములు వాడి, వాటి శేషము మిగిలిన ద్రాక్షారసమునకు ఆ సంగతి సీసా మీద వ్రాయవలసి వచ్చింది. అది కూడ శాకాహారుల కొరకు కాదు, అవి పడనివారి ఆరోగ్యము కొరకు. ఐసింగ్లాసునకు ఆ నియమము వర్తించలేదు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. మన తాటికల్లు చెట్టునుండి దిగి తానే పులుస్తుంది. ఈ లెక్కన అది సంపూర్ణ శాకాహారము, అయినా మత్తు కలిగిస్తుంది. మరోవైపు మత్తు ఏ మాత్రము లేని పండ్లరసములను కూడ కొన్ని కర్మాగారములలో జెలటినుతో తేటపరుస్తారు. కాబట్టి శాకాహారమైనదంతా మత్తులేనిది కాదు, మత్తులేనిదంతా శాకాహారము కాదు.

2. లేఖనములలో

దానియేలు రాజు భోజనమును, రాజు పానము చేసే ద్రాక్షారసమును కలిపి నిరాకరించి శాకధాన్యములను, నీళ్లను కోరుకున్నాడు (దాని. 1:8, 12). అయితే నాజీరు ద్రాక్షారసమునే గాక పచ్చి ద్రాక్షలను కూడ ముట్టకూడదు గాని మాంసము అతనికి నిషేధము కాదు. వ్రతము ముగిసినప్పుడు పొట్టేలును సమాధానబలిగా అర్పించాలి (సంఖ్యా. 6:3, 14). రేకాబీయులు కూడ ద్రాక్షారసము మానారు, మాంసము గురించి యిర్మీయా 35లో మాట లేదు. అంటే ఈ రెండింటిని ఎల్లప్పుడు జతచేసే ధర్మశాస్త్ర నియమమేదీ లేదు.

రోమా 14వ అధ్యాయములో కూరగాయలే తినే బలహీనుని గురించి మాట్లాడుతూ వచ్చిన పౌలు, 21వ వచనములో మాంసముతోపాటు ద్రాక్షారసమును కూడ చేర్చాడు. పదార్థములో అపవిత్రత ఉన్నదని అతడు చేర్చలేదు. ఏదియు తనంతట తానే నిషిద్ధము కాదని అంతకుముందే ఒప్పుకున్నాడు. సహోదరుని అడ్డము మాత్రమే అతని కొలత.

తెలుగు చదువరికి ఒక హెచ్చరిక. మన పాత అనువాదములో కానా వివాహములోను, రోమా 14లోను “ద్రాక్షారసము” అని, ఎఫెసీ 5:18లో “మద్యము” అని ఉన్నది. గ్రీకులో మూడు చోట్లా ఒకే మాట, ఓయినోస్. తెలుగు మాటను మాత్రమే ఆధారము చేసికొని ఒకచోట పులియనిది, మరొకచోట పులిసినది అని ప్రసంగించుట సరికాదు.

3. ఆది సంఘములో

ప్రభువు సహోదరుడైన యాకోబు ద్రాక్షారసము త్రాగలేదని, మాంసము తినలేదని 2వ శతాబ్దపు రచయిత హెగెసిప్పస్ చెప్పినట్టు యూసేబియస్ తన సంఘ చరిత్రలో వ్రాశాడు. ఆ యాకోబును సంఘము నీతిమంతుడని గౌరవించింది. అదే 2వ శతాబ్దములో తాతియాను పేరుతో ముడిపడిన ఎన్‌క్రటైట్లు మాంసము, ద్రాక్షారసము, వివాహము విసర్జించారు. వారిని సంఘము తిరస్కరించింది. ఆచారము దాదాపు ఒకటే, తీర్పు వేరు. ఎన్‌క్రటైట్లు సృష్టినే హేయముగా ఎంచారు.

ఈ భేదమును 314లో అంకురా సభ స్పష్టపరచింది. మాంసము మానుకొన్న పెద్దలు, పరిచారకులు ఒకసారి రుచి చూచి, ఆ తరువాత ఇష్టమైతే మానుకోవచ్చును. కాని మాంసముతో వండిన కూరగాయలను కూడ తిననంతగా అసహ్యించుకొంటే వారిని పదవినుండి తొలగించాలి. మాంసము మానుట తప్పు కాదు, దేవుడు చేసినదానిని ఏవగించుకొనుట తప్పు. ద్రాక్షారసమును చీకటి శక్తుల పైత్యమని విసర్జిస్తూనే ద్రాక్షపండ్లను తినే మనీకేయులను అగస్టీను ఈ కారణముచేతనే విమర్శించాడు.

సంస్కారపు గిన్నెలో ద్రాక్షారసము మాని నీళ్లు మాత్రమే ఉంచినవారు కూడ ఉండిరి. వారికి విరోధముగా కార్తేజి అధ్యక్షుడు సిప్రియాను 3వ శతాబ్దములో వ్రాసిన 63వ లేఖ నేటికీ నిలిచియున్నది.

4. బెనెడిక్టు మఠము, సాల్ఫర్డ్ సంఘము

6వ శతాబ్దములో బెనెడిక్టు తన మఠ నియమావళిలో ఈ కట్టను విప్పాడు. చతుష్పాద జంతువుల మాంసము రోగులకు తప్ప ఎవరికీ లేదు. ద్రాక్షారసము మాత్రము దినమునకు ఒక కొలత అనుమతించాడు. సన్యాసులకు అది తగదని చదువుతున్నాము గాని ఈ కాలపువారిని ఒప్పించలేము గనుక మితముగానైనా త్రాగుదమని అతడు చెప్పిన కారణము.

తిరిగి ఆ కట్ట కట్టినవాడు ఇంగ్లండులోని సాల్ఫర్డ్ బోధకుడు విలియం కౌహెర్డ్. 1809లో అతడు తన బైబిల్ క్రిస్టియన్ సంఘస్థులు మాంసము, మద్యము రెండూ మానవలెనని నియమించాడు. మిల్లు కూలీలు కిక్కిరిసి జీవించిన పట్టణములు అవి. కూలి డబ్బు సారాయి అంగడికి పోతే పిల్లలు పస్తులుండేవారు. అతని తరువాత కాపరియైన జోసెఫ్ బ్రదర్టన్ 1832లో సాల్ఫర్డునుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అతని భార్య మార్తా 1812లో శాకాహార వంటల పుస్తకము ప్రచురించింది. ఈ సంఘమునుండి విలియం మెట్‌కాఫ్ 1817లో కొందరు విశ్వాసులతో ఫిలడెల్ఫియా వెళ్లాడు. 1847లో రామ్స్‌గేటులో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు జేమ్స్ సింప్సన్ కూడ ఈ సంఘస్థుడే. శాకాహారము పాశ్చాత్యులకు మనవద్దనుండి మాత్రమే వెళ్లిందని తలంచేవారు ఈ చరిత్రను గమనించాలి.

1869లో అమెరికాలోని వైన్‌లాండులో మెథడిస్టు విశ్వాసి, దంతవైద్యుడు థామస్ వెల్చ్, పాశ్చర్ పద్ధతిలో ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ నిలువచేశాడు. అతని ఉద్దేశము ప్రభువు బల్లయే. మత్తునుండి విడిపించబడినవాడు బల్లయొద్ద మరల దాని రుచి చూడకూడదనే జాలి ఈ మార్పు వెనుక ఉన్నది.

5. మన సంఘములకు

మన ప్రాంతములో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని ఎదిరించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారా నిషేధింపబడింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ సారాలో మాంసము లేదు. అయినా అది ఇండ్లను తినివేసింది. కనుక “ఇది శాకాహారమే” అనే మాట త్రాగుటకు అనుమతిపత్రము కానేరదు.

అదే సమయములో, మాంసము తినని సహోదరి ప్రశ్నను “ఇంకా పాత ఆచారములు విడువలేదా?” అని కొట్టివేయుటకు మనకు అధికారము లేదు. ఆమె సృష్టిని ఏవగించుకొనుటలేదు. విశ్వాసము వలన కాని దానిని చేయకూడదని భయపడుచున్నది. రోమా 14:23 చెప్పేది అదే.

కాపరి చేయవలసినవి మూడు. సీసాలో కొనేదానిని గురించి విచారించి తెలిసికొనుట. తెలియనిది తెలియదని చెప్పుట. అందరూ కలిసి త్రాగగల గిన్నెను సిద్ధపరచుట. మూడవది కష్టమేమీ కాదు. ద్రాక్షలనో ఎండు ద్రాక్షలనో ఉడికించి పలుచని గుడ్డలో వడగట్టితే చాలును. రసము కొంచెము మడ్డిగా ఉంటుంది. ఆ మడ్డి వలన ఎవరి మనస్సాక్షి గాయపడదు.

ముగింపు

మరుసటి నెల సంస్కారమునకు ముందు ఆ తల్లి ఇంటికి వెళ్లి, “అమ్మా, ఆ రోజు తెలియకుండానే చెప్పాను, క్షమించండి” అన్నాను. అప్పటినుండి మా సంఘములో రసము ఇంటిలోనే తీస్తున్నాము. వడగట్టేది ఆమెయే. దేవుని రాజ్యము భోజనమును పానమును కాదు నిజమే. కాని ఒకే గిన్నెలో పాలుపొందవలసిన వారిలో ఒకరు ఆ గిన్నెకు భయపడి వెనుకకు తగ్గితే, ఆ సమాధానమును, సంతోషమును మనమే చెరిపినవారమవుతాము.