స్థానిక సంస్థల వెబ్‌సైట్లు

స్థానిక సంస్థల వెబ్‌సైట్లు అనగా పురపాలక సంఘాలు, పంచాయతీలు తమ ఆదాయవ్యయాలను, తీర్మానాలను, సేవలను అంతర్జాలం ద్వారా ప్రజలకు తెలియజేసే సాధనాలు. పారదర్శకత, పౌర భాగస్వామ్యం అనే రెండు అంశాలు వీటి మూల్యాంకనంలో ప్రధానమైనవి.

చట్టపరమైన ఆధారం

భారతదేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ 17 అంశాల సమాచారాన్ని ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. బడ్జెటు కేటాయింపులు, రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు, సమావేశాలకు ప్రజలకు ప్రవేశం ఉన్నదీ లేనిదీ వీటిలోనివే. ఈ సమాచారాన్ని అందించే మార్గాలలో అంతర్జాలాన్ని కూడా చట్టం పేర్కొన్నది. స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని సూచించింది.

మూల్యాంకనం

బడ్జెటు పత్రాన్ని ఉంచినంత మాత్రాన పారదర్శకత సిద్ధించదు. ఏ వార్డులో ఏ పని జరిగినదీ, మంజూరైన సొమ్ము ఎంత, చెల్లించినది ఎంత అన్నవి పోల్చి చూడగలిగినప్పుడే పౌరుడు ప్రశ్నించగలడు. పన్ను చెల్లింపు, జనన ధ్రువపత్రం వంటివి సేవలే కాని భాగస్వామ్యం కావు. తీర్మానానికి ముందే ముసాయిదాపై అభిప్రాయాలు కోరడం, అందిన సూచనలపై తీసుకున్న నిర్ణయాన్ని ప్రకటించడం భాగస్వామ్యానికి గుర్తులు.

పరిమితులు

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ పంచాయతీల ప్రణాళికలను, ఖర్చులను తెలుపుతుంది. అయితే అంతర్జాల సౌకర్యం లేనివారికి గ్రామసభ, నోటీసు బోర్డులే ఆధారం. కావున వెబ్‌సైటు వాటికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.