పడగొట్టని గెలుపు

కోడి రామ్మూర్తినాయుడి వీరఘట్టం 2022 దాకా మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. గుండెలపై ఏనుగును నిలిపారన్న ఆయన కథలు వింటూ పెరిగిన మాబోటి పెన్షనర్లకు గెలుపంటే ఎదుటివాడు నేల కరవడమే. అందుకే మనవరాలు బాక్సింగ్ పోటీలో పాయింట్లపై గెలిచి వస్తే "పడగొట్టలేదా?" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 52 కిలోల ఫైనల్లో 5-0తో ప్రపంచ విజేత అయింది. దూకుడున్న అమ్మాయే, అయినా గెలుపు పాయింట్ల మీదే! ఆ రోజు మనవరాలే విడమరిచి చెప్పింది.

పడగొట్టే దెబ్బకు కాళ్లు నిలదొక్కుకుని, నడుం తిప్పి, ఒంటి బరువంతా వేయాలి తాతా. ఆ క్షణంలో మన గడ్డానికి కాపు ఉండదు. కాచుకు ఆడేవారు అందుకు ఒప్పుకోరు, తాకి తప్పుకుంటారు. పదేపదే గాలిని కొట్టిన ప్రత్యర్థి కూడా మీదికి రావడం తగ్గిస్తాడు. ఎదురొచ్చేవాడికి తగిలినంత గట్టిగా ఆగినవాడికి తగలదు.

1942లో ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ అయిన అమెరికా బాక్సర్ విల్లీ పెప్ దెబ్బ తగలనివ్వని ఆటకు పేరుమోశాడు. ఆయన 229 గెలుపుల్లో నాకౌట్లు 65 మాత్రమే.

మొన్న పోటీ నుంచి వచ్చిన పిల్లను "ఎన్ని తప్పించుకున్నావు తల్లీ?" అని అడిగాను. లెక్క చెప్పడానికి అరగంట పట్టింది.