గాలిలో కరెంటు పోతే

చిన్న విమానంలో కరెంటు పోతే ఇంజను కూడా ఆగిపోతుందనే చాలామంది అనుకుంటారు. సెస్నా 172 లాంటి వాటిలో అలా ఆగదు. రేడియో మూగబోయినా, దీపాలు ఆరిపోయినా ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. ఈ ధీమా వెనక నూట ఇరవై ఏళ్ళ నాటి ఏర్పాటు ఒకటుంది. 1903లో రైట్ సోదరుల ఇంజనులో పెట్రోలును అంటించింది ఫ్లైవీల్ ఒరిపిడితో తిరిగే మాగ్నెటో. ఇంజను స్టార్ట్ చేయడానికి వాడిన డ్రై బ్యాటరీలను నేల మీదే వదిలేసి వాళ్ళు ఎగిరారు. మాగ్నెటో అంటే ఒక అయస్కాంతం, కొన్ని తీగచుట్టలు, అంతే. ఇంజను తిరిగినంతసేపూ నిప్పురవ్వను తనే పుట్టించుకుంటుంది, బ్యాటరీని అప్పు అడగదు. తర్వాత్తర్వాత ఇంజనుకు రెండేసి మాగ్నెటోలు, సిలిండరుకు రెండేసి ప్లగ్గులు పెట్టడం ఆనవాయితీ అయింది.

ఆ తొలినాళ్ళలో కరెంటు పోతుందనే బెంగే లేదు, పోవడానికి విమానంలో కరెంటంటూ ఉంటే కదా! 1938 నుంచి 1947 దాకా వేల సంఖ్యలో తయారైన పైపర్ జె-3 కబ్‌లో స్టార్టర్ లేదు, బ్యాటరీ లేదు. ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజను అందుకునేది. పెట్రోలు ఎంతుందో చెప్పేది ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ. దాని అడుగున ఒక బిరడా పెట్రోలు మీద తేలుతూ ఉండేది. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ బరువు తగ్గించుకోవడానికి రేడియోనే వద్దనుకున్నాడు.

నేల మీద సంగతీ అంతే. 1929లో సెయింట్ లూయీ విమానాశ్రయంలో ఆర్చీ లీగ్ అనే ఉద్యోగి ఒక తోపుడుబండిలో కుర్చీ, జెండాలు వేసుకుని రన్‌వే చివరికి వెళ్ళి, దిగవచ్చో ఆగాలో జెండా ఊపి చెప్పేవాడు. అమెరికాలో విమానాల రాకపోకలను నియంత్రించిన తొలి ఉద్యోగిగా ఆయన్నే చెబుతారు. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో రేడియో ఉన్న కంట్రోల్ టవర్ వచ్చింది. అయినా రేడియో లేని విమానాలు దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి టవర్లలో రంగుల దీపపు తుపాకీ నిలిచిపోయింది. గాల్లో ఉన్నవాడికి వెలుగుతూ ఉండే పచ్చదీపం చూపిస్తే దిగమని, ఎర్రదీపం చూపిస్తే దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని, ఎర్రదీపం మినుకుమినుకుమంటే ఇక్కడ దిగడం క్షేమం కాదని. అర్థమైందని చెప్పడానికి పైలట్ రెక్కలు ఊపాలి. రేడియో లేనివాళ్ళ కోసం పుట్టిన ఈ సైగలు రేడియో పోయినవాళ్ళకు దిక్కయ్యాయి. ఇవాళ్టికీ పైలట్ కావాలనుకునే ప్రతి విద్యార్థీ వీటిని బట్టీ పడతాడు, పరీక్ష కాగానే మర్చిపోతాడు.

మేఘాల్లో ఎగరడం మొదలయ్యాక కథ మారింది. 1929 సెప్టెంబరు 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద ముసుగు వేయించుకుని, పరికరాలను మాత్రమే చూస్తూ లేచి, ఎగిరి, దిగాడు. ఆ పరికరాలు లేకపోతే ఏమవుతుందో 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం లెక్కగట్టింది. పరికరాలతో ఎగరడంలో శిక్షణ లేని 20 మంది పైలట్లకు బయటి దృశ్యం కనబడకుండా చేస్తే ఇరవై మందీ విమానం మీద అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. అందుకే చిన్న విమానాలు తయారుచేసేవాళ్ళు ఒక మంచి పని చేశారు. విమానం ఒరిగిందో లేదో చూపే జైరోను, దిక్కు చూపే జైరోను ఇంజను నడిపే పంపు పీల్చే గాలితో తిప్పారు. మలుపు చూపే పరికరానికి మాత్రం కరెంటు ఇచ్చారు. ఒకటి పోతే రెండోది ఉంటుంది. నా దృష్టిలో మాగ్నెటో తర్వాత ఈ రంగంలో ఇంతకంటే తెలివైన ఆలోచన మరొకటి రాలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సౌకర్యాలు పెరిగాయి. 1947లో వచ్చిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా చక్రాలను మోటారు మడిచేది. ఆ మోటారు పనిచేయకపోతే సీటు వెనక ఉన్న పిడిని యాభై చుట్లు తిప్పి చక్రాలు దించుకోవాలి. విమానం నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక అంచున వంచే ఫ్లాప్‌లు సెస్నా 172లో 1965 మోడల్ నుంచి చేతి లివరు వదిలేసి కరెంటుకు మారాయి. కరెంటు లేకపోతే ఫ్లాప్‌లు దిగవు కనుక ఎక్కువ వేగంతో, పొడవైన రన్‌వే చూసుకుని దిగాలి. సౌకర్యం ఒకటి వచ్చినప్పుడల్లా మాన్యువల్‌లో అది లేకుండా ఎలా దిగాలో చెప్పే పేరా ఒకటి చేరుతూ వచ్చింది.

1960లలో జనరేటర్ల స్థానంలో ఆల్టర్నేటర్లు వచ్చాయి. తక్కువ వేగంలోనూ చక్కగా కరెంటు ఇస్తాయి కానీ వీటికో చిక్కుంది. లోపలి అయస్కాంతాన్ని మేల్కొల్పడానికి ముందు బ్యాటరీ కాస్త కరెంటు ఇవ్వాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిందంటే ఇంజను తిరుగుతున్నా మామూలు ఆల్టర్నేటర్ లేవదు.

ఆల్టర్నేటర్ పోవడమన్నది చప్పుడు లేని ప్రమాదం. అమ్మీటర్ ముల్లు సున్నా కిందికి జారుతుంది, లేదా తక్కువ వోల్టేజి దీపం వెలుగుతుంది. అప్పటికి అన్నీ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి పైలట్‌కు తొందర కనబడదు. పద్ధతి ఏమిటంటే, ఆల్టర్నేటర్ స్విచ్ ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడాలి. రాకపోతే దాన్ని ఆపేసి, ఉన్న బ్యాటరీని పొదుపుగా ఖర్చుపెట్టాలి. ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఫ్యాను ఉంచి గీజరు ఆపినట్టే, ఇక్కడ ల్యాండింగ్ లైట్లు, అదనపు రేడియో ఆపేస్తారు. ఇబ్బందిని టవర్‌కు ముందే చెప్పాలి. రేడియో పోయిందని తెలపడానికి, రాడార్‌కు విమానం నుంచి జవాబు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7600 అంకె పెట్టాలంటారు. కానీ కరెంటంతా పోతే ఆ ట్రాన్స్‌పాండరే ఉండదు. బ్యాటరీలో ప్రాణం ఉండగానే చేయాల్సిన పనులివి.

ఈ పాఠం ఎంత ఖరీదైనదో 1983 అక్టోబరు 11 రాత్రి తెలిసింది. ఎయిర్ ఇల్లినాయి ఫ్లైట్ 710 నిజానికి చిన్న విమానం కాదు, రెండు ఇంజన్ల హెచ్‌ఎస్ 748. మన హెచ్‌ఏఎల్ కాన్పూర్‌లో తయారుచేసిన, ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ‘ఆవ్రో’ ఇదే; పాతతరం ప్రయాణికులకు గుర్తుండే ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లేచిన కాసేపటికే ఎడమ జనరేటర్ పోయింది. కో-పైలట్ కంగారులో బాగున్న కుడి జనరేటర్‌ను విడదీశాడు. ఇక మిగిలింది బ్యాటరీ. వెనక్కి తిరిగితే విమానాశ్రయం కూతవేటు దూరం. కెప్టెన్ మాత్రం మేఘాల్లోంచి గమ్యమైన కార్బన్‌డేల్ వైపే సాగాడు. సుమారు అరగంటకు బ్యాటరీ అడుగంటింది, దారి చూపే పరికరాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. విమానం పింక్నీవిల్ దగ్గర నేలకూలింది. అందులోని పదిమందీ చనిపోయారు. దగ్గరి విమానాశ్రయానికి తిరిగి రాకుండా ముందుకు పోవాలన్న కెప్టెన్ నిర్ణయమే కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది. విద్యుత్ వ్యవస్థ గురించి సిబ్బందికి సరైన అవగాహన లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. కో-పైలట్ పొరపాటు చిన్నది కాదు, అయినా దాన్ని దిద్దుకునే వ్యవధి వాళ్ళకు ఉంది. ఆ వ్యవధిని గమ్యం వైపు ఖర్చుపెట్టారు. 1990లలో అమెరికా చిన్న విమానాల నిబంధనల్లో ఒక అంకె చేరింది. కరెంటు పుట్టించే వ్యవస్థ మొత్తం పోయినా, తప్పనిసరి పరికరాలను బ్యాటరీ కనీసం 30 నిమిషాలు నడపగలగాలన్నది అప్పటి నిబంధన. అయితే ఆ అరగంట కొత్త బ్యాటరీకి. పాతబడిన బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మాన్యువల్ చెప్పలేదు.

2004 నుంచి పరికరాలన్నిటి పనీ చేసే గార్మిన్ జి1000 లాంటి తెరలు చిన్న విమానాల్లోకి వచ్చాయి. గాలిపంపు మెల్లగా తప్పుకుంది. ఒకప్పుడు రెండు శక్తుల మధ్య పంచిన భారం మళ్ళీ ఒక్క కరెంటు మీదే పడింది. దానికి జవాబుగా రెండో ఆల్టర్నేటర్, రెండో బ్యాటరీ పెట్టడం మొదలైంది. జవాబు బాగానే ఉంది, ఖర్చూ బాగానే ఉంది.

2007 ఒక్క ఏడాదిలోనే ఈ చరిత్ర మూడు ముఖాలు చూపించింది. మార్చిలో జర్మనీలోని ష్పయర్‌లో ఒక డైమండ్ డిఎ42 బ్యాటరీ దిగిపోయి ఉంటే బయటి కరెంటుతో రెండు ఇంజన్లూ స్టార్ట్ చేశారు. అవి కంప్యూటర్లు నడిపే డీజిల్ ఇంజన్లు, మాగ్నెటోలు లేవు. లేచీ లేవగానే చక్రాలు మడిచారు. ఆ పనికి లాగిన కరెంటుతో వోల్టేజి క్షణకాలం పడిపోయింది, రెండు వైపులా కంప్యూటర్లు మళ్ళీ మొదటికొచ్చాయి, రెండు ఇంజన్లూ ఆగాయి. ప్రాణాలు పోలేదు. ఆ తర్వాత ఇంజను కంప్యూటర్లకు విడిగా చిన్న బ్యాటరీలు చేర్చారు.

జులైలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ఒక సెస్నా 310 ఇళ్ళ మీద కూలి అయిదుగురు చనిపోయారు. ముందురోజే కాక్‌పిట్‌లో కాలిన వాసన వస్తే పైలట్ వాతావరణ రాడార్ సర్క్యూట్ బ్రేకర్ లాగేశాడు, వాసన ఆగింది, కాగితం మీద రాసిపెట్టాడు. బాగుచేయకుండానే మర్నాడు వేరే సిబ్బంది విమానం ఎక్కారు. గాల్లో పొగ వచ్చింది. ఎవరో ఆ బ్రేకర్‌ని మళ్ళీ నొక్కి ఉంటారని దర్యాప్తు అంచనా. బ్రేకర్ పడితే ఒకసారి నొక్కి చూడవచ్చని అంతకుముందు పైలట్లలో ధారాళంగా చెప్పుకునే మాట. క్షేమంగా దిగడానికి తప్పనిసరి అయితే తప్ప గాల్లో దాని జోలికి పోవద్దని 2010లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

నవంబరులో ఐర్లండ్‌లోని కెర్రీ నుంచి జెర్సీకి బయల్దేరిన పైపర్ సెనెకాలో కరెంటంతా పోయింది. లోపల అయిదుగురు. పైలట్ సెల్‌ఫోన్ తీసి కార్క్ కంట్రోల్‌కు ఫోన్ చేశాడు. మాట సరిగా అందకపోయేసరికి కంట్రోలర్ ఎస్సెమ్మెస్‌లలో దిక్కులు పంపి కార్క్‌లో దింపించాడు. అందరూ ఫోనునే మెచ్చుకున్నారు. కానీ ట్రాన్స్‌పాండర్ చచ్చిన ఆ విమానం ఎక్కడుందో కంట్రోలర్‌కు చూపింది ప్రైమరీ రాడార్. విమానం నుంచి ఏ జవాబూ అడగకుండా, దాని లోహాన్ని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే పనిచేసే యుద్ధకాలం నాటి పద్ధతి అది. ఖర్చు ఎక్కువని ఇప్పుడు కొన్ని దేశాలు దాన్నే తగ్గించుకుంటున్నాయి. ఆ లెక్క వేసేవాళ్ళు కార్క్ దర్యాప్తు నివేదికను ఒకసారి చదవాలి.