భైంసా మడిగెలు: సరిహద్దు మారింది, కిరాయి కాగితం మారింది

1956 నవంబరు 1న భైంసాకు జిల్లా మారింది, రాష్ట్రమూ మారింది. అంతకు ముందు రోజు వరకు ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలో, నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లను విడదీసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. అవి ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. పొరుగున ఉన్న భోకర్, ధర్మాబాద్ బొంబాయి రాష్ట్రానికి, ఆ తర్వాత మహారాష్ట్రకు పోయాయి. పత్తి బండ్లు మాత్రం ఎప్పటిలాగే అటూ ఇటూ తిరిగాయి.

ఈ సంగతి చరిత్ర పుస్తకాలకే పరిమితమని అనుకోవద్దు. కూడబెట్టిన సొమ్ముతో ఒక మడిగె కొని, నెలనెలా కిరాయి తీసుకుందామనుకునే చిన్న ఉద్యోగికి గానీ రైతుకు గానీ ఈ గీత ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. ఊరి పాత ఆస్తుల దస్తావేజులు తిరగేస్తే జిల్లా పేరు నాందేడ్ అనే ఉంటుంది, రాత ఉర్దూలోనో మరాఠీలోనో ఉంటుంది. మొత్తాలు నిజాం కాలపు నాణెమైన హాలీ సిక్కాలో కనిపిస్తాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలతో సమానమని అప్పట్లో లెక్క. అలాంటి కాగితాన్ని చదివించుకోకుండా బయానా ఇవ్వడం కళ్లు మూసుకుని బావిలో దిగడమే.

భైంసాలో కిరాయికి గిరాకీ తెచ్చింది పత్తి. నల్లరేగడి నేల, జిన్నింగ్ మిల్లులు, వ్యవసాయ మార్కెట్, తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ మాట్లాడే వ్యాపారులు ఉన్న ఊరిది. ఇప్పటికీ రైలు లేదు. సికింద్రాబాద్–మన్మాడ్ లైను బాసర మీదుగా పోతుంది. రోడ్డే భైంసాకు ఆధారం. నిర్మల్ నుంచి నాందేడ్ వైపు పోయే జాతీయ రహదారి ఊరి మధ్యగా పోతుంది కాబట్టి ఆ రోడ్డు పక్క మడిగెకున్న విలువ లోపలి గల్లీలకు లేదు. దసరా దాటాక పత్తి రావడం మొదలైతే గోదాములకు, గదులకు అడిగేవాళ్లు పెరుగుతారు. ఎండాకాలానికి ఆ సందడి తగ్గుతుంది. పన్నెండు నెలలూ కిరాయి వస్తుందని లెక్కేసి బ్యాంకు కిస్తీ కట్టుకునేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. పది నెలల రాబడి మీదే కిస్తీ లెక్క చూసుకోవడం మేలు.

ఇక చట్టం కథ. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఇళ్ల కొరతలో బ్రిటన్ 1915లో, బొంబాయి 1918లో కిరాయిలకు కళ్లెం వేశాయి. హైదరాబాద్ రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ కాలంలో, 1954లో ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు చట్టం నడిచేది. ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల కిరాయి నియంత్రణ చట్టం పుట్టింది. న్యాయమైన కిరాయి తేల్చేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ వాడలో ఉన్న రేట్లను చూడాలని అందులో రాశారు. యుద్ధకాలం నాటి ధర తరాల తరబడి కొలమానంగా నిలిచిపోయింది.

అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. 1957 ఆగస్టు 26న, ఆ తర్వాత కట్టిన భవనాలకు చట్టం వర్తించదని 32వ సెక్షన్ చెప్పింది. కొత్తగా కట్టేవాళ్లకు ధైర్యం ఇవ్వాలన్నది ఉద్దేశం. పక్కపక్కనే ఉన్న రెండు మడిగెల్లో పాతదాని కిరాయిదారుకు రక్షణ దొరికింది, కొత్తదానిలో ఉన్నవాడికి ఏమీ లేకపోయింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983 అక్టోబరు 26న ఆ మినహాయింపును కొట్టేసింది. కొన్నేళ్లకు సబబైన ఏర్పాటు పాతికేళ్లు దాటాక సమానత్వానికి విరుద్ధమైందని జస్టిస్ వెంకటరామయ్య రాశారు. ఆ తీర్పు న్యాయమైనదే. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం కొత్త మినహాయింపులు తెచ్చింది. 2005 సవరణతో కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలు చట్టం బయటికి పోయాయి.

భైంసా మున్సిపాలిటీ రెండో కోవలోకి వస్తుంది. అంటే తరాలుగా తక్కువ కిరాయికి ఉన్న పాత మడిగె కొంటే, అందులో కూర్చున్న వ్యాపారి హక్కునూ కొన్నట్టే. బాకీ పెట్టాడనో, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇచ్చాడనో, ఓనరుకే అవసరమనో రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేస్తే తప్ప అతన్ని ఖాళీ చేయించలేరు. అందుకే పాత బజారులో చవకగా వస్తోందన్న మడిగె దగ్గర మొదట అడగాల్సింది ధర కాదు, లోపల ఎవరున్నారు, ఏ కాగితం మీద ఉన్నారు అన్నది. పగిడీ, అంటే కిరాయి హక్కు కోసం ఒకేసారి కట్టే సొమ్ము, ఇచ్చి వచ్చానని నోటిమాటగా చెప్పే కిరాయిదారు ఉంటే ఆ లెక్క రాతలో తేలాకే ముందుకు పోవాలి.

కొత్త కిరాయిలకు ఆస్తి బదలాయింపు చట్టం దిక్కు. నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. తయారీ పనికి, అంటే జిన్నింగ్ మిల్లులాంటి వాటికి ఇచ్చినప్పుడు వేరే ఒప్పందం లేకుంటే ఆరు నెలల నోటీసు కావాలి. ఏడాది దాటిన కిరాయినామానే రిజిస్టర్ చేయించాలన్న పాత నియమం వల్లే 11 నెలల కాగితం ఇంత వాడుకలోకి వచ్చింది. 1999 ఆంధ్రప్రదేశ్ సవరణ తర్వాత ఇక్కడ ఏ కాలానికి రాసిన కిరాయినామాకైనా రిజిస్ట్రేషన్ కావాలి. సరిహద్దు అవతల మహారాష్ట్రలో మడిగె ఉన్న వ్యాపారి పద్ధతి కొంత వేరు. మహారాష్ట్ర 1999 చట్టం ప్రకారం అక్కడా ఎంత కాలానికైనా కిరాయినామాను రిజిస్టర్ చేయించాల్సిందే, ఆ బాధ్యత ఓనరుదే. చేయించకుంటే షరతుల మీద కిరాయిదారు మాటే చెల్లుతుంది. ఆ చట్టం కిందికి వచ్చే కిరాయిని ఏటా నాలుగు శాతం పెంచుకోవచ్చు. అటు నుంచి వచ్చే వ్యాపారితో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. పెంపు ఎంత, ఎప్పుడు అన్నది కిరాయి కాగితంలోనే రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

భైంసా గురించి రాస్తూ దాచకూడని మాట ఒకటుంది. 2008లో, 2020లో, 2021లో అల్లర్లు ఈ ఊరిని గాయపరిచాయి. కష్టజీవుల ఇళ్లు, దుకాణాలు, వాహనాలు తగలబడ్డాయి. 2021 జూలైలో గడ్డెన్న వాగు వరద లోతట్టు కాలనీలను ముంచింది. ఇళ్లకు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్ని, వరద, అల్లర్లు మూడింటికీ వర్తిస్తుంది. చిన్న దుకాణాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది. గోడలకు ఓనరు, సరుకుకు కిరాయిదారు వేర్వేరుగా తీసుకోవాలి.

కిరాయి రాబడి మీద ఆదాయపు పన్ను లెక్కలో, కట్టిన మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం తీసేస్తారు. పన్ను రసీదులు జాగ్రత్త చేసుకుంటే ఆ మేరకు లాభమే. ఆస్తి మీద పాత లావాదేవీల వివరం ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. భైంసా పాత బజారులో తొలి మడిగె కొనబోయేవారు అంతకు ముందరి రికార్డును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించి, ఉర్దూ, మరాఠీ దస్తావేజులను తెలిసినవాళ్లతో చదివించి, కిరాయిదారుతో స్వయంగా మాట్లాడిన తర్వాతే బయానా ఇవ్వండి.