ఓరుగల్లు సీమ వీధిబడులు

ఓరుగల్లు సీమయందు బాలునకు చదువు మొదలిడుటను ఓనమాలు దిద్దించుట యందురు. ప్రణవమును నమశ్శబ్దమును కలియగా, బహువచన ప్రత్యయము చేరి ఓనమాలయ్యెను. ఆ తొలి నమస్కారమున శివనామమును సిద్ధశబ్దమును గూడ నున్నవి. కాకతీయుల రాజ్యమున ప్రబలిన శైవము మొదటిదానికి సాక్షి. రెండవది జైనసంప్రదాయపు జాడయని పలువురి యభిప్రాయము. హనుమకొండ పద్మాక్షిగుట్టమీది 1117 నాటి శాసనము కదలలాయ బసదిని పేర్కొనుటచే, ఈ సీమలో జైనులకు గల నెలవు స్పష్టము. బడిపంతులకు ప్రాచీననామము ఒజ్జ, ఉపాధ్యాయశబ్దమునకు వికృతి. మతములు మాఱినను రాజ్యములు మాఱినను ఈ మాటలు మాఱలేదు. వీధియరుగులే వీనిని కాపాడినవి.

వీధిబడి నడచిన తీరునకు విపులమైన లిఖితసాక్ష్యము బళ్లారి మండలమునుండి లభించుచున్నది. మద్రాసు గవర్నరు తామసు మన్రో 1822లో ఆజ్ఞాపింపగా, 1823లో ఆ మండలపు కలెక్టరు కాంబెలు నివేదిక వ్రాసెను. తెలుగు వ్యాకరణమును 1816లో రచించిన కాంబెలు ఇతడే. బళ్లారి 1800 వఱకును నిజాము రాజ్యములోనిదే. అక్కడి యాచారములు పెక్కు తెలంగాణమునను వాడుకలో నుండెను.

అయిదవయేట శుభదినమున విఘ్నేశ్వరపూజ చేసి, బియ్యములో బాలుని వ్రేలిచే అక్షరములు దిద్దింతురు. పిదప ఇసుకమీద వ్రాత. ఆపైని బొగ్గుపొడి పట్టించిన కడితములును, గంటముతో తాటియాకులును. ఉదయము ఆఱుగంటలకు బడి. ముందుగా వచ్చినవాని యరచేత సరస్వతీనామము, రెండవవానికి సున్న; మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, తరువాతివారికి ఒక్కొక్క దెబ్బ యెక్కువ. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుచుండ, ఒజ్జ పైతరగతిని చూచుకొనును. ఈ పద్ధతి ఇంగ్లండునందును అనుకరింపబడినదని కాంబెలు మెచ్చెను.

గుణింతము, ఎక్కాలు, అమరము, శతకపద్యములు కంఠస్థము కావలెను. తల్లిదండ్రుల విధులు వేఱు. ఒజ్జకు జీతము ఇచ్చుట, పండుగలకు సంభావన ఇచ్చుట, దసరాకు విల్లంబులతో ఇంటింటికిని వచ్చు పిల్లలకు పప్పుబెల్లములు పెట్టుట వారివి. శిక్షించు నధికారమునుగూడ వారు ఒజ్జకే విడిచిరి. కోదండము, గోడకుర్చీ ఆ యధికారపు పేరులే.

ఈ బడిని పొగడుటతో సరిపుచ్చరాదు. బళ్లారి మండలమున 9,27,857 మంది జనులకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు బాలికలు అఱువదిమందే. పద్యము వచ్చినను అర్థము రాదని కాంబెలే నొచ్చుకొనెను. విదేశవస్త్రములచే నేతవృత్తులు చెడి దేశము పేదయగుటచే, పలువురు తండ్రులు బిడ్డలను బడి మాన్పించి పనికి పెట్టిరి. జీతమియ్యలేనివానికి అరుగు అందలేదు. చదువు తండ్రి యిచ్చకును శక్తికిని లోబడియుండుటయే వీధిబడికి మూలదోషము.

నిజాము రాజ్యమున మఱియొక చిక్కు వచ్చెను. 1884లో ఉర్దూ రాజభాషయయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో నారంభమయ్యెను. 1924 ప్రాంతమున ఖాన్గీ బడులకు ముందుగా అనుమతి కావలెనను నిర్బంధము గలిగెను. బడి నేర్పవలసిన దేమని యడుగుటకు బదులు, బడి యుండవచ్చునా యని యడుగవలసిన కాల మది. అందుచేతనే 1904లో హనుమకొండయందు వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు పుస్తకము లిచ్చుటతో నిలువక, తెలుగు చదువునకు కోటలయ్యెను. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటనుండి మొదలైన ఆంధ్రమహాసభలును ప్రాథమికవిద్య మాతృభాషలో నుండవలెనని కోరినవి.

నేడు ఆ లెక్క తలక్రిందులైనది. 2002 నాటి రాజ్యాంగసవరణము ఆఱునుండి పదునాలుగేండ్ల బిడ్డలకు విద్యను హక్కుగా జేసి, చదివించుటను తల్లిదండ్రుల కర్తవ్యముగా విధించెను. 2009 నాటి చట్టము బడిలో దేహశిక్షను నిషేధించెను. కోదండము పోయినది, జీతమును బట్టి చదువు పోవలసిన పని లేదు. ఇది మేలే. కాని ఒజ్జకును ఇంటికిని నడుమ నుండిన పరిచయము, దసరాకు పిల్లలతో గడపకు వచ్చిన ఆ యొజ్జ, చట్టముచే కలుగువారు కారు. హక్కు ప్రభుత్వ మియ్యగలదు. ఓనమాలు దిద్దించు వ్రేలిని పట్టుకొనుటమాత్రము నేటికిని ఇంటికిని ఒజ్జకును ఉమ్మడి పనియే.